గ్రాంట్‌చెస్టర్‌లో చెస్టర్ లేదు

సందేహం: కేంబ్రిడ్జిలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పక్కనే గ్రాంట్‌చెస్టర్ అనే పల్లె చూశాం. ఇందులోని ‘చెస్టర్’ మన ‘క్షేత్రమే’నని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? తెలుగులో గ్రాంట్‌చెస్టర్ అనాలా, గ్రాంచెస్టర్ అనాలా?
— ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: కాదండీ. చెవికి ఒకేలా వినబడ్డ మాటలన్నిటినీ చుట్టాలను చేసే జబ్బు ఈమధ్య బాగా ముదిరింది. మాంచెస్టర్‌లాంటి పేర్లలోని చెస్టర్ లాటిన్ ‘కాస్ట్రా’, అంటే రోమన్ దండు విడిసిన చోటు. ఈ పల్లె పేరులో అసలు అదీ లేదు.

ఊరి పేరుకు అర్థం వెతికేవారు ముందు పాత రాతలు చూడాలి. 1086 నాటి డోమ్స్‌డే భూముల లెక్కలో ఈ ఊరు ‘గ్రాంటెసెట’. ఆ చివరి ‘సెట’ దగ్గర ఆగండి. పాత ఇంగ్లీషులో అది ఒకచోట కుదురుకున్న జనానికి పేరు. గ్రాంటా ఏటి ఒడ్డువాళ్లు అన్నమాట. డోర్సెట్, సోమర్సెట్‌ల తోక కూడా ఇదే. ఇంగ్లీషు ‘సిట్’ దీనికి తోబుట్టువు, మన ‘సదస్సు’లోని ‘సద్’ ధాతువు దూరపు చుట్టం. క్షేత్రం కావాలన్నవారు సదస్సుతో సర్దుకోవాలి.

మరి చెస్టర్ ఎలా వచ్చింది? ‘సెట’ అర్థం మరుగున పడ్డాక, జనం తెలిసిన తోకనే తగిలించి ఉంటారు. లెస్టర్, గ్లాస్టర్‌లలో ‘సెస్టర్’ అని రాసి ‘స్టర్’ అని పలికే దేశంలో అది వింతేమీ కాదు.

731లో బీడ్ అనే ఇంగ్లండు సన్యాసి రాసి ముగించిన చరిత్రలో ‘గ్రాంటకేస్టిర్’ ఉందిగా అంటారేమో. ఈలీ మఠంవాళ్లు ఎథెల్‌థ్రిత్ రాణి కోసం రాతి శవపేటిక వెతుకుతూ పడవలో వెళ్లి, పాడుబడ్డ ఆ ఊరి గోడల పక్కన తెల్ల పాలరాతి పెట్టె కనుక్కున్నారు, సరిగ్గా అమరే మూతతో సహా! అయితే ఆ ఊరు కేంబ్రిడ్జేనని ఎక్కువమంది పండితుల మాట. గ్రాంటెబ్రిజ్ కాస్తా కాంటెబ్రిగ్ అయి, కేంబ్రిడ్జి అయింది. ఆ తర్వాతే గ్రాంటా ఏటికి ‘కామ్’ పేరు పుట్టింది, మనవడి పేరు తాతకు పెట్టినట్టు.

ఇక రాత సంగతి. గ్రాంట్‌చెస్టర్ స్పెల్లింగుకు దగ్గర, గ్రాంచెస్టర్ నోటికి సుఖం. నేను మొదటిదే రాస్తాను గానీ రెండోదాన్ని తప్పని కొట్టెయ్యను. ‘గ్రాండ్‌చెస్టర్’ మాత్రం వద్దు.