స్కాన్ రిపోర్టు చూసి మంచమెక్కకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఎంఆర్‌ఐ రిపోర్టు చూశాను నాన్నా. అందులో "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ల కాస్త బయటికి ఉబ్బడం) అని రాసిన దగ్గర్నుంచీ నువ్వు వంగడానికి కూడా భయపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఫిజియోథెరపిస్టుగా పనిచేసినన్నాళ్లూ, నొప్పి కన్నా ఆ కాగితం వల్లే ఎక్కువ కుంగిపోయినవాళ్లను చూశాను. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

నడుం నొప్పే లేనివాళ్లకు స్కాన్ తీసినా ఇలాంటివి కనిపిస్తాయి. 2015లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్క చూశారు. ఏ నొప్పీ లేని 30 ఏళ్లవాళ్లలో 52 శాతం మందికి డిస్కుల అరుగుదల ఉంది, 40 శాతం మందికి బల్జ్ ఉంది. 80 ఏళ్లు వచ్చేసరికి అరుగుదల 96 శాతం మందిలో ఉంది. నీ నొప్పికి ఆ బల్జే కారణమని రిపోర్టు ఒక్కటే చూసి తేల్చలేం. అసలు నడుం నొప్పుల్లో నూటికి తొంభై దాకా ఫలానా చోట చెడిందని వేలు పెట్టి చూపించలేనివే. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఎక్కువైనా అదే నొప్పి రెట్టింపవుతుంది. అలాగని నొప్పి నీ ఊహ అనడం లేదు. నొప్పిని మోసే నరాలు, మెదడు పనిచేసే తీరే అంత.

కొన్ని లక్షణాలు మాత్రం గుర్తుపెట్టుకో. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, మల విసర్జన మీద అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ, కూర్చున్నప్పుడు ఆనే భాగంలో స్పర్శ తగ్గినా, రెండు కాళ్లలో బలం తగ్గుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. వెన్ను అడుగున నరాల గుత్తి నొక్కుకుపోయి ఉండొచ్చు. అదే అయితే వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, ఆలస్యమైతే నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గట్టి దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా, పాదం పైకి లేవక ఈడుస్తున్నా డాక్టరుకు తొందరగా చూపించాలి. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు కూడా అంతే.

నీకు ఇవేవీ లేవు. నొప్పి పిరుదు మీదుగా పిక్కదాకా లాగుతోందన్నావు, అది సయాటికా. నడుం దగ్గర నరం మూలం నొక్కుకోవడం వల్ల, దాని చుట్టూ వాపు వల్ల అలా వస్తుంది. డిస్కు జారినా చాలామందిలో ఆ జారిన భాగాన్ని శరీరమే నెలల మీద కరిగించుకుంటుంది. ఆపరేషన్‌తో కాలి నొప్పి తొందరగా తగ్గుతుందన్న మాట నిజమే. కానీ 2007లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ ముందు మామూలు వైద్యంతో ఆగి చూసినవాళ్లూ ఏడాది తిరిగేసరికి ఇంచుమించు ఒకేలా ఉన్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మందికి ఆ ఏడాదిలోనే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, అదీ దాచను. అయినా మిగతావాళ్లలో ఎక్కువమంది కత్తి పడకుండానే కోలుకున్నారు కదా!

ఇక మంచం సంగతి. నొప్పి మరీ విపరీతంగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకో, అంతకు మించొద్దు. పడుకున్నకొద్దీ కండరాలు బలం కోల్పోతాయి, భయం పెరుగుతుంది. వెల్లకిలా ఉన్నవాడివి ఒక్కసారిగా లేవకు. మోకాళ్లు మడిచి, భుజాలూ నడుమూ కలిపి పక్కకు తిరుగు. కాళ్లు మంచం కిందికి జారుస్తూనే చేత్తో పరుపును నొక్కి లే. లేచాక ఇంట్లోనే నాలుగడుగులు వెయ్యి. వేడి కాపడం హాయిగా ఉంటే పెట్టుకో. ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు కొన్నాళ్లు పనికొస్తాయి కానీ కడుపుకీ కిడ్నీలకీ చేటు చేయగలవు కాబట్టి డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు. ఉత్త పారాసెటమాల్ కొత్తగా వచ్చిన నడుం నొప్పిని తొందరగా తగ్గించదని 2014లోనే పెద్ద పరిశోధనలో తేలింది.

దీర్ఘకాలపు నడుం నొప్పికి నడుం బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి ఉంచే చికిత్స), మత్తు కలిగించే ఓపియాయిడ్ మందులు మామూలు వైద్యంగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. బెల్టు మీద ఆధారపడితే ఇక దాన్ని వదలబుద్ధి కాదు, నేను కళ్లారా చూశాను. వెన్ను దగ్గర ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ సయాటికాలో కొద్ది వారాలు ఉపశమనం ఇవ్వొచ్చు. వ్యాయామం చేయలేనంత నొప్పి ఉంటే ఆ మేరకు ఆలోచించవచ్చు.

అసలు మందు కదలికే. ఇది రోజూ చెయ్యి. చేతులు, మోకాళ్ల మీద నిలబడి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాచు. నడుం ఒక పక్కకు ఒరగకూడదు, లోపలికి కుంగకూడదు. ఐదారు సెకన్లు ఆపి, రెండో వైపు చెయ్యి. వణుకు వస్తే కాలు ఒక్కటే చాచు, చెయ్యి తర్వాత కలుపుకోవచ్చు. ఏ వ్యాయామం నీకు సరిపోతోందో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. చేస్తుంటే పిక్కలో నొప్పి తొడకీ, తొడలోది నడుంకీ వెనక్కి వస్తే, నడుం దగ్గర కాస్త ఎక్కువైనా సరే, మంచిదే. కాల్లో ఇంకా కిందికి దిగుతుంటే ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించు.

తగ్గాక నడక మానొద్దు. నడుం నొప్పి తగ్గినవాళ్ల మీద ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా నడక పెంచుకున్నవాళ్లకు సగం మందిలో నొప్పి తిరిగి రావడానికి 208 రోజులు పట్టింది, ఏ సాయమూ అందనివాళ్లలో 112 రోజులే. వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున నడవడం వాళ్ల లక్ష్యం. దాన్ని అందుకోవడానికి ఆరు నెలలు టైమ్ ఇచ్చారు, నువ్వూ తొందరపడకు. ఆఫీసులో అరగంటకోసారి లేచి నిలబడు. నిటారుగా బిగదీసుకుని కూర్చోవాల్సిన పని లేదు, ఒకే భంగిమలో ఉండిపోకుంటే చాలు.

వారం అయ్యాక ఫోన్ చెయ్యి. ఎంత నొప్పి ఉందో చెప్పడం కాదు, కాల్లో ఎక్కడిదాకా వస్తోందో, ఆపకుండా ఎన్ని నిమిషాలు నడవగలుగుతున్నావో చూసి చెప్పు. దాన్నిబట్టి తర్వాత ఏం చేయాలో మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ