ప్రమోషన్ వచ్చాక నిద్ర పట్టట్లేదని రాసిన చెల్లెమ్మకి

మీ మెయిల్ రెండుసార్లు చదివానమ్మా. జడ్పీ స్కూల్లో తెలుగు మీడియం, తర్వాత పాలిటెక్నిక్, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్, ఇప్పుడు గచ్చిబౌలిలో టీమ్ లీడ్, మీ కింద తొమ్మిది మంది. అయినా "ఏదో లక్కుతో నెట్టుకొస్తున్నా మేడమ్, ఎప్పుడో నా బండారం బయటపడుద్ది" అని రాశారు. నాన్నగారు ఊళ్ళో స్వీట్లు పంచుతుంటే సిగ్గేసిందన్నారు చూడండి, అక్కడ నాకు చాలా బాధేసింది.

ఇది మీ ఒక్కరికే లేదు. 1978లోనే అమెరికాలో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు బాగా పైకొచ్చిన ఆడవాళ్ళలో అచ్చం ఇదే గమనించి ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు, మగవాళ్ళలోనూ ఉంటుందని తర్వాత తేలింది. జబ్బు కాదు.

కాల్‌లో మాట్లాడాలంటే ముందు ఆ ఇంగ్లీషు వాక్యం నోట్‌బుక్‌లో రాసుకుని, మనసులో రెండుసార్లు చదువుకుని, అప్పుడు మ్యూట్ తీస్తానన్నారు, ఈలోపు అదే మాట ఇంకెవరో అనేస్తున్నారు, మీరు మళ్ళీ మ్యూట్. అంటే ఏంటి? పాయింట్ మీకు ముందే తట్టింది, భాష దగ్గర ఆగింది, అంతే. ఎల్కేజీ నుంచి ఇంగ్లీషులో చదివినవాళ్ళ మధ్య ఒక్కరే కూర్చుంటే ఎవరికైనా పరాయిగానే ఉంటుంది, దాన్ని మీ చేతగానితనం కింద రాసుకోకండి.

నన్ను ఎక్కువ భయపెట్టింది రాత్రి రెండింటిదాకా చేసిందే మళ్ళీ మళ్ళీ చెక్ చేసుకోవడం. పని బాగా జరిగితే "అన్నిసార్లు చూశా కాబట్టి గట్టెక్కా" అనుకుంటారు, క్రెడిట్ అంతా ఆ భయానికే పోతుంది, మీకు ఒక్క ముక్క కూడా మిగలదు, అందుకే వచ్చేసారికి భయం ఇంకాస్త పెరుగుతుంది. ఈ వారం స్టేటస్ మెయిల్ ఒక్కసారే చదివి పంపేయండి, ఏమవుతుందో చూడండి. రిలీజ్ లాంటి పెద్దవాటితో మాత్రం మొదలుపెట్టొద్దు.

లక్కు అంటారా, ఈసెట్ రాసిన రోజు లక్కే అనుకుందాం, ఏడేళ్ళుగా రోజూ ఆఫీసుకి కూడా మీ వెంట వస్తోందా? ఎవరైనా మెచ్చుకుంటే "అయ్యో నాదేముందండీ" అనడం మనకి చిన్నప్పుడే అలవాటు చేస్తారు, పైకి అనండి తప్పులేదు, లోపల మీరే నమ్మేస్తున్నారు, అదీ గొడవ.

కానీ మూడు నెలలుగా నిద్ర లేదు, అన్నం సహించట్లేదు అన్నారు, దాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. డాక్టర్‌కి చూపించుకోండి, వెంటనే కుదరకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ ఆయనకి ఇవేవీ తెలీదన్నారు కదా. ఎలా చెప్పాలో తెలీకపోతే ఏం చెప్పొద్దు, ఆదివారం ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు ఆ నోట్‌బుక్ ఆయన చేతికివ్వండి.