అమ్మ చేతులు బొమ్మలో రావడం లేదు

ప్రశ్న: నా వయసు 36. అమ్మ పోయి తొమ్మిది నెలలైంది. అందరూ ఏడ్చారు, నాకు మాత్రం కన్నీళ్లు రాలేదు. ఆత్మ, పైలోకం అనే మాటలు నాకు ఊరటనివ్వవు. రాత్రిళ్లు కణాలు, జన్యువులు, మెదడు గురించి చదువుతూ కూర్చుంటాను. లేదంటే పాత ఫొటో ముందు పెట్టుకుని అమ్మ బొమ్మ గీస్తాను. ముఖం వస్తుంది, చేతులు రావు. "బాధపడాల్సింది పోయి పుస్తకాల్లో దాక్కుంటున్నావు" అంటుంది అక్క. అమ్మ చివరగా పంపిన వాయిస్ మెసేజ్ ఫోన్‌లో అలాగే ఉంది, వినే ధైర్యం లేదు. నేను రాయినైపోయానా?

జవాబు: రాయి అయినవాళ్లు రాత్రిళ్లు మేలుకుని అమ్మ చేతుల కోసం పెన్సిల్ పట్టుకోరు. మీరు దుఃఖంలోనే ఉన్నారు. మీ అక్కకు అది కళ్లలోంచి వస్తోంది, మీకు చదువులోంచి, గీతల్లోంచి వస్తోంది. దుఃఖానికి అయిదు దశలుంటాయని విని, తాము ఏ దశలో ఉన్నామోనని టెన్షన్ పడేవాళ్లు నాకు చాలామంది రాస్తుంటారు. ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు 1969లో ఆ దశల గురించి మొదట రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడాక, వాళ్ల గురించి. దాంతో మిమ్మల్ని మీరు కొలుచుకోకండి.

మీ చదువులో ఈ సంగతి తగిలే ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి కణాలు కొన్ని మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డలోకి వస్తాయి. ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా అవి కొందరి రక్తంలో కనిపించాయి. బిడ్డ కణాలూ అలాగే తల్లిలోకి వెళ్తాయి. ప్రసవమైన 27 ఏళ్లకు కూడా ఒక తల్లి రక్తంలో అవి ఉన్నట్టు 1996లో గుర్తించారు. ఇంకోటి, మీరు ఏ అండం నుంచి పుట్టారో అది మీ అమ్మగారు వాళ్లమ్మ కడుపులో ఉన్నప్పుడే ఏర్పడటం మొదలైంది. ఇవి ఓదార్పు కోసం అల్లిన మాటలు కావు. ఆత్మ మాట మీకు పట్టనప్పుడు ఇది పట్టుకోవడంలో తప్పేముంది?

అయితే కణం అమ్మ కాదు. ఇంటికి రాగానే "వచ్చావా" అని అడగదు. ఆ చదువు అమ్మను గుర్తుచేస్తున్నంతవరకూ చదవండి. గుర్తురాకుండా ఉండటానికే ఇంకో పేజీ తిప్పుతున్నట్టు అనిపించిన రాత్రి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చోండి. ఆ తేడా మీకు మాత్రమే తెలుస్తుంది. అక్కకు తెలియదు, నాకూ తెలియదు.

మా అమ్మ పోయిన కొన్ని వారాలకు ఆమె కళ్లజోడు పెట్టె తెరిచాను. కుడి అద్దం అంచున బొటనవేలి ముద్ర, గీతలతో సహా ఉంది. అది చర్మం మీది చెమట, జిడ్డు అని నాకు తెలుసు. తెలిసినందువల్ల దాని విలువేమీ తగ్గలేదు. తుడవకుండా పెట్టె మూసేశాను.

ఇక చేతుల సంగతి. అర్షిల్ గోర్కీ అని ఒక ఆర్మేనియన్ చిత్రకారుడు ఉండేవాడు. అమెరికా వెళ్లిన తండ్రికి పంపడానికి 1912లో తల్లీ కొడుకూ కలిసి ఫొటో దిగారు. తర్వాత ఆర్మేనియన్ల మీద మారణకాండ, వలస, కరువు. 1919లో ఆ తల్లి ఆకలితో చనిపోయింది. కొడుకు అమెరికా చేరాడు. 1926 ప్రాంతంలో ఆ ఫొటో చూసి బొమ్మ మొదలుపెట్టి, రెండు కాన్వాసుల మీద ఏళ్ల తరబడి రంగు వేశాడు, గీకేశాడు, మళ్లీ వేశాడు. తల్లి ముఖం కుదిరింది. చేతులు మాత్రం వేళ్లు లేని తెల్లటి ముద్దల్లా ఉండిపోయాయి. ఎందుకలా వదిలాడన్నదానికి రకరకాల వివరణలున్నాయి. నాకైతే, ముఖం ఫొటోలో దొరుకుతుంది గానీ చేతులు తాకితేనే తెలుస్తాయి కాబట్టే అనిపిస్తుంది.

కాబట్టి మీరూ ఫొటో పక్కన పెట్టండి. ఆ చేతులు పనిలో ఉండగా గుర్తు తెచ్చుకోండి. మీకు జ్వరమొస్తే నుదుటి మీద ముందు ఆనించింది అరచేయా, చేతి వెనకవైపా? సూదిలోకి దారం ఏ చేత్తో ఎక్కించేవారు? గుర్తురానివి అక్కను అడగండి. మీకు తెలియని అమ్మ కొంత ఆమె దగ్గర ఉంటుంది.

వాయిస్ మెసేజ్ గురించి. 1980లో అచ్చయిన ఒక ప్రయోగంలో, పుట్టి మూడు రోజులు నిండని పసిపిల్లల నోట్లో పాలపీక పెట్టి, వాళ్లు చప్పరించే తీరును బట్టి అమ్మ గొంతో, వేరొకరి గొంతో వినిపించేలా ఏర్పాటు చేశారు. పిల్లలు అమ్మ గొంతు వచ్చేలా చప్పరించడం మార్చుకున్నారు. లోకం సరిగ్గా కనబడకముందే మీరు గుర్తుపట్టిన గొంతు అది. వినడానికి భయం వేయడంలో వింతేమీ లేదు, తొందర కూడా లేదు. ఈరోజు చేయాల్సింది ఒక్కటే: ఆ మెసేజ్ కాపీ చేసి ఇంకో రెండు చోట్ల దాచండి. ఫోన్ పాడైతే మళ్లీ దొరకదు. దాచడానికి వినక్కర్లేదు.

నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతింటుంటే, ఇంకా బతకడమెందుకు అనిపిస్తుంటే మాత్రం బొమ్మలతో సరిపెట్టుకోకండి, వెంటనే మానసిక వైద్యులను కలవండి.

వినాలనిపించిన రోజున, రాత్రిపూట ఒంటరిగా వద్దు. పగలు అక్కను పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు మీ బొమ్మలన్నీ ఆమె ముందు పెట్టండి, చేతులు కుదరనివి కూడా. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. మీకు రాకపోతే రాలేదు, అంతే. తర్వాత మెసేజ్ పెట్టండి. మధ్యలో ఆపాలనిపిస్తే ఆపేయండి, మిగతాది ఇంకో రోజు వినొచ్చు.