బ్యాగు బరువు తగ్గించు, రోజులు తగ్గించకు

సత్యనారాయణపురం,
విజయవాడ

అమ్మడూ,

ఆగస్టులో లద్దాఖ్ వెళ్లి మార్ఖా లోయ ఒక్కదానివే నడుస్తానన్నావట. అప్పటి నుంచి మీ అమ్మ గుంటూరు నుంచి రోజూ ఫోన్ చేస్తోంది. "అక్కా, నువ్వైనా వద్దని చెప్పు" అంటోంది. వద్దని నేను చెప్పను. ఆ కొండల్లో ఒంటరిగా నడవడం ఎంత బాగుంటుందో నాకు తెలుసు. అందుకే నువ్వు పంపిన సామాన్ల జాబితా, రోజువారీ ప్లాన్ రెండూ కూర్చుని చదివాను. బ్యాగు బరువు తగ్గించడానికి బాగా కష్టపడ్డావు. కానీ దాంతోపాటు రోజులు కూడా కోసేశావు, అది నాకు నచ్చలేదు. ఎక్కడైనా ఒక రోజు ఆగాల్సి వచ్చినా, వెనక్కి తిరగాల్సి వచ్చినా ఒంట్లో ఓపిక మిగలాలి. బ్యాగు తేలిగ్గా ఉండాలనేది అందుకే.

గన్నవరంలో విమానం ఎక్కి, ఢిల్లీ మీదుగా లేహ్‌లో దిగుతావు. అంటే మన పల్లపు ఊళ్ల నుంచి ఒక్కసారిగా 3,500 మీటర్ల ఎత్తుకి. మర్నాడే నడక మొదలని రాసుకున్నావు. కుదరదు తల్లీ. కనీసం రెండు రోజులు, నన్నడిగితే మూడు రోజులు లేహ్‌లోనే ఉండు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఒక్కో రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్పే లెక్క. నువ్వేమో హంకర్ నుంచి నేరుగా నిమాలింగ్ అని రాశావు. హంకర్ సుమారు 4,000 మీటర్లు, నిమాలింగ్ సుమారు 4,800. మధ్యలో 4,250 దగ్గర థాచుంగ్‌త్సే ఉంది, టెంట్ వేసుకునే చోటే. ఆ రాత్రి అక్కడ పడుకో. నిమాలింగ్‌లో కూడా ఒక రోజు అదనంగా పెట్టుకో. ఆ పైన దాటాల్సిన కోంగ్‌మారు లా కనుమ దాదాపు 5,200 మీటర్లు. అక్కడ గాలిలో అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో సగం పైచిలుకు, అంతే.

తలనొప్పి, వికారం, తిండి సహించకపోవడం మొదలైతే ఇంక పైకి వెళ్లకు. తగ్గకపోతే కిందికి దిగు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడుస్తుంటే తూలుతున్నా, రాత్రైనా సరే దిగాల్సిందే. నలుగురితో వెళ్తే "ఏంటి అలా తూలుతున్నావ్" అని ఎవరో ఒకరు అడుగుతారు. నీకు అడిగేవాళ్లు ఉండరు, పైగా ఆ ఎత్తులో బుర్ర కూడా సరిగ్గా పనిచేయదు. కాబట్టి రోజూ సాయంత్రం టెంట్ ముందు నేల మీద ఒక గీత గీసుకుని, మడమకు బొటనవేలు ఆనిస్తూ దాని మీద పది అడుగులు నడువు. పక్కకు తూలితే ఇక ఆలోచించకు, దిగెయ్. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి డాక్టర్‌ని అడిగే తేల్చుకో, సల్ఫా మందులు పడవేమో ముందే చెప్పు.

తిండి విషయంలో నీ లెక్క మార్చాలి. 4,000 మీటర్ల దగ్గర నీళ్లు 86, 87 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంతసేపు పెట్టినా కందిపప్పు ఉడకదు, గ్యాస్ మాత్రం అయిపోతుంది. పల్చటి అటుకులు, పుట్నాల పొడి, నెయ్యి పెట్టుకో. వేడినీళ్లు పోసి మూతపెడితే చాలు. 100 గ్రాముల నెయ్యిలో 900 క్యాలరీల దాకా ఉంటాయి, వేరుశనగ గుళ్లలో 560 పైనే. మోసే ప్రతి గ్రాముకీ ఫలితం దక్కాలంటే ఇలాంటివే తీసుకెళ్లాలి. దారిలోకి సున్నుండలు, పల్లీ చిక్కీలు. రోజుకి 600, 700 గ్రాముల తిండి సరిపోతుంది. నెయ్యి సన్నమూతి సీసాలో పొయ్యకు, అక్కడి చలికి గడ్డకట్టి బయటికి రాదు. వెడల్పు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే చెంచాతో తీసుకోవచ్చు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, చిన్న పొట్లంలో గోంగూర పచ్చడి ఉంటే రెండు ముద్దలు దిగుతాయి.

రెయిన్ జాకెట్ తీసేశావు, మళ్లీ పెట్టు. లద్దాఖ్‌లో వాన పడదనుకోకు, 2010 ఆగస్టులో కుండపోతకు లేహ్ ఎంత నష్టపోయిందో చదువు. దాని బదులు కాటన్ బట్టలన్నీ తీసెయ్, చెమటకు తడిస్తే ఆరవు. ఒక జత థర్మల్స్ పాలిథిన్ కవర్‌లో చుట్టి పడుకునేటప్పటికే దాచుకో. స్టవ్ గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, లేహ్‌లోనే కొనుక్కో. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులో ఉండాలి.

వాగులు తెల్లవారే దాటెయ్. మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. దిగే ముందు నడుం బెల్టు విప్పేసుకో, కాలు జారితే బ్యాగు వదిలించుకోవచ్చు. బూట్లు మాత్రం విప్పకు.

ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకో. లోయలో దాని మీద కూడా ఆశ పెట్టుకోకు. శాటిలైట్ ఫోన్ ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు. అందుకని ఏ రాత్రి ఎక్కడ ఉంటావో, ఏ రోజుకి ఫోన్ రాకపోతే మేం ఎవరిని పిలవాలో కాగితం మీద రాసి ఇవ్వు.

ఈలోగా నిండు బ్యాగుతో కొండవీడు ఘాట్ ఎక్కు. ఎండ రాకముందే మంగళగిరి మెట్లూ ఎక్కు. కాళ్లు గట్టిపడతాయి, ఎత్తుకి మాత్రం ఒళ్లు అక్కడే అలవాటు పడాలి. ఒక రాత్రి మీ మేడ మీద లైటు ఆర్పేసి టెంట్ వేసి చూడు.

ఆదివారం బ్యాగు మొత్తం సర్దుకుని ఇక్కడికి రా. మా వీధి కిరాణా కొట్టు కాటా మీద తూచి చూద్దాం. మార్చిన ప్లాన్ రెండు కాపీలు తీసుకురా, ఒకటి నాకు, ఒకటి మీ అమ్మకి.

మీ పెద్దమ్మ