పిల్లల సైకాలజిస్ట్ కావాలంటే ఏ దారిలో వెళ్లాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. నీట్ కోచింగ్‌కి వెళ్తోంది కానీ మనసు అక్కడ లేదు. పిల్లల్ని, టీనేజీ వాళ్లని చూసే సైకాలజిస్ట్ అవుతానంటోంది. మా ఊళ్లో ఒక సంస్థ వాళ్లు ఆరు నెలల్లో ఆన్‌లైన్‌లో చైల్డ్ సైకాలజీ డిప్లొమా ఇస్తామని, వెంటనే ప్రాక్టీస్ పెట్టుకోవచ్చని చెబుతున్నారు. చేర్పించమంటారా? అసలు ఎన్నేళ్లు చదవాలి, ఉద్యోగాలు ఉంటాయా? ఇంకో మాట. మా అమ్మాయి చాలా సున్నితం. ఎవరైనా ఏడిస్తే తనూ ఏడ్చేస్తుంది. ఈ వృత్తికి పనికొస్తుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఆరు నెలల డిప్లొమా సంగతి తేల్చేద్దాం. దానికి డబ్బు కట్టకండి. ఆ సర్టిఫికెట్‌తో మీ అమ్మాయి ఒక పిల్లాడికి పరీక్ష చేసి ‘ఇతనికి ఆటిజం ఉంది’ అనో, ‘చదువులో ఫలానా లోపం ఉంది’ అనో రాసిస్తే ఆ కాగితం ఎక్కడా చెల్లదు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అనేది చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాల్సిన వృత్తి. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అందరూ ఆర్‌సీఐ అంటారు, 1992 నాటి చట్టం ప్రకారం ఈ రిజిస్టర్‌ని నిర్వహిస్తుంది. అందులో పేరు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడే వీలుంది. ‘వెంటనే ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు’ అని చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఆన్‌లైన్ గురించి కూడా ఒకటి తెలుసుకోండి. సైకాలజీ కోర్సుల్ని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపవద్దని, 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి కొత్త అడ్మిషన్లు తీసుకోవద్దని యూజీసీ యూనివర్సిటీలకు చెప్పేసింది. పీజీ ఇంట్లో కూర్చుని చేయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు నీట్ సంగతి. మీ అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి. పిల్లలకు మందులు రాసే డాక్టర్ కావాలని ఉందా, లేక పిల్లలతో కూర్చుని మాట్లాడి, పరీక్షలు చేసి, థెరపీ ఇచ్చే మనిషి కావాలని ఉందా? మొదటిది సైకియాట్రిస్ట్ పని. దానికి నీట్, ఎంబీబీఎస్, ఆపై ఎండీ సైకియాట్రీ తప్పవు. ఇంకా లోతుకు వెళ్లాలనుకునే వాళ్లకు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లలు, కౌమారుల సైకియాట్రీలో డీఎం, అంటే ఎండీ తర్వాత చేసే కోర్సు కూడా ఉంది. రెండోది సైకాలజిస్ట్ పని. దానికి నీట్ అక్కర్లేదు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. బైపీసీ చదివినందువల్ల మెదడు, నాడుల గురించిన పాఠాలు కాస్త తేలికవుతాయి, అంతే. చాలామంది పిల్లలు ఈ రెంటికీ తేడా తెలియక నీట్ పోయిందని సైకాలజీలోకి వస్తారు, తర్వాత మందులు రాయలేమని తెలిసి నిరాశపడతారు. ఆ తేడా ఇప్పుడే తెలిస్తే మంచిది.

సైకాలజిస్టే కావాలంటే డిగ్రీలో సైకాలజీ తీసుకోవాలి. మన దగ్గర ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలు ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ హెల్త్ సైకాలజీ ఉంది. డిగ్రీ, పీజీ రెండూ ఒకేచోట అయిపోతాయి. సీట్లు మాత్రం తక్కువ.

పీజీ అయ్యాక అసలు శిక్షణ మొదలవుతుంది. ఇన్నాళ్లూ ఈ దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ తర్వాత ఆస్పత్రిలో రెండేళ్లు ఫుల్‌టైమ్ ఎంఫిల్ చేసినవాళ్లే. 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరో చెప్పేటప్పుడు, సీనియర్ల పర్యవేక్షణలో జరిగిన ఈ శిక్షణ గురించే మాట్లాడుతుంది. అయితే కొత్త విద్యా విధానంలో ఎంఫిల్ డిగ్రీనే తీసేశారు. క్లినికల్ సైకాలజీకి మాత్రం మినహాయింపు ఇచ్చి, 2025-26 విద్యా సంవత్సరం వరకు గుర్తింపు పొడిగించారు. మీ అమ్మాయి ఇప్పుడు ఇంటర్‌లో ఉంది కాబట్టి తన ప్లాన్ ఎంఫిల్ మీద ఆధారపడకూడదు. దాని స్థానంలో ఆర్‌సీఐ నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ క్లినికల్ సైకాలజీ, ఎంఏ క్లినికల్ సైకాలజీ, సైడీ అనే డాక్టరేట్ కోర్సులు తెచ్చింది. తను పీజీకి వచ్చేసరికి నియమాలు ఇంకా మారొచ్చు. అందుకే కాలేజీ బ్రోషర్‌ని కాకుండా ఆర్‌సీఐ వెబ్‌సైట్‌ని చూడండి. ఏ సంస్థకు, ఏ కోర్సుకు, ఏ సంవత్సరం వరకు అనుమతి ఉందో అక్కడ జాబితాలో ఉంటుంది. ఆ కోర్సు పూర్తి చేస్తే రిజిస్టర్‌లో ఏ కేటగిరీ కింద పేరు ఎక్కుతుందో కూడా చేరకముందే రాతపూర్వకంగా అడగండి. పేరున్న కాలేజీలో చేరి, ఆ ఏడాది ఆ కోర్సుకు అనుమతి లేదని రెండేళ్ల తర్వాత తెలుసుకుని ఏడ్చిన పిల్లలు నా దగ్గరకు వచ్చారు.

మొత్తం ఇంటర్ తర్వాత కనీసం ఏడేళ్లు అనుకోండి. ఈ మాట వినగానే చాలామంది తల్లిదండ్రులు ‘పోనీ చైల్డ్ సైకాలజీ ఒక్కటే నేర్పే చిన్న కోర్సు లేదా’ అంటారు. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మొదట అన్ని వయసుల వాళ్లనూ చూసే పూర్తి క్లినికల్ శిక్షణ తీసుకోవాలి, పిల్లల వైపు ఆ తర్వాతే మళ్లాలి. ఎందుకంటే పిల్లాడు ఒక్కడే రాడు. వాడి వెనకాల డిప్రెషన్‌లో ఉన్న అమ్మ ఉండొచ్చు, తాగుడు మానలేని నాన్న ఉండొచ్చు, మతిమరుపు వచ్చిన తాతయ్యని చూసుకుంటూ అలసిపోయిన ఇల్లు ఉండొచ్చు. పెద్దవాళ్ల జబ్బులు గుర్తుపట్టడం రానివాళ్లు పిల్లాడి మొండితనాన్ని మాత్రమే చూస్తారు, దానికే వైద్యం చేస్తూ పోతారు.

శిక్షణలో ఏం నేర్పుతారో ఒక ఉదాహరణ చెబుతాను, మీ అమ్మాయికి కూడా చదివి వినిపించండి. ఎనిమిదేళ్ల బాబుని ‘చదవట్లేదు, స్కూల్ వాళ్లు కంప్లయింట్ చేస్తున్నారు’ అని తీసుకొచ్చారు అనుకుందాం. సెగ్విన్ ఫామ్ బోర్డ్ అని ఒక చెక్క పలక ఉంటుంది. దానిలో నక్షత్రం, చతురస్రం, గుండ్రం లాంటి పది గుంటలు, వాటికి సరిపోయే పది దిమ్మలు ఉంటాయి. దిమ్మల్ని బయట పెట్టి, వీలైనంత త్వరగా సరైన గుంటల్లో పెట్టమంటారు. మూడుసార్లు చేయించి, అందులో తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలిగిన పరీక్ష ఇది. కానీ పక్కన కూర్చున్న సూపర్‌వైజర్ ట్రైనీని అడిగే ప్రశ్నలు వేరే. దిమ్మ పట్టనప్పుడు ఆ బాబు ఏం చేశాడు? తిప్పి చూశాడా, బలంగా నొక్కాడా, నీ ముఖం వైపు చూశాడా, లేక తలుపు బయట ఉన్న వాళ్ల నాన్న వైపు చూశాడా? రెండోసారి వేగం పెరిగిందా, తగ్గిందా? తప్పు చేసినప్పుడు ఏదైనా గొణిగాడా? గడియారం చూస్తూ సెకన్లు రాసుకున్న ట్రైనీ దగ్గర వీటికి జవాబు ఉండదు. మళ్లీ చూడమంటారు. ఇంకో పిల్లాడితో, ఇంకో పిల్లతో. అలా నెలల తరబడి చూస్తే గానీ కన్ను అలవాటు పడదు. బినే-కామత్, మాలిన్ తెలివితేటల పరీక్షలు, సామాజిక పరిణతి కొలిచే వైన్‌ల్యాండ్ స్కేల్, చదువులో ప్రత్యేక లోపాల్ని పట్టుకునే నిమ్హాన్స్ బ్యాటరీ, ఆటిజం తీవ్రతను అంచనా వేసే ఇసా స్కేల్, ఇవన్నీ ఇలాగే చేతిమీదుగా నేర్చుకోవాలి. ఆన్‌లైన్ కోర్సు ఇవ్వలేనిది ఇదే.

ఆ రిపోర్టు విలువ కూడా చిన్నది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం, మేధోవైకల్యం, చదువుకు సంబంధించిన ప్రత్యేక లోపాలు ఉన్నాయి. పరీక్షల్లో అదనపు సమయం దొరకడం, సర్టిఫికెట్ రావడం లాంటివి ఆ అంచనా మీద ఆధారపడతాయి. ఒక తప్పు అంకె పిల్లాడి నుదుటి మీద ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

టీనేజీ పిల్లల దగ్గర కష్టం ఇంకో రకం. పద్నాలుగేళ్ల అమ్మాయిని తీసుకొస్తారు. ‘నీకేమనిపిస్తోంది’ అని అమ్మాయిని అడిగితే వాళ్లమ్మ జవాబిస్తుంది. తల్లిని నొప్పించకుండా కాసేపు బయట కూర్చోబెట్టడం ఒక విద్య. తలుపు మూశాక ఆ అమ్మాయి ‘మా అమ్మకు చెప్పనంటేనే చెబుతా’ అంటుంది. అప్పుడు ‘సరే, ఎవరికీ చెప్పను’ అనడం చాలా తేలిక, చాలా తప్పు కూడా. తన ప్రాణానికి ముప్పు ఉంటే చెప్పాల్సి ఉంటుంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు, చెప్పకపోవడమే నేరం. ఈ హద్దులన్నీ ఆ అమ్మాయి నోరు విప్పకముందే, తనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. చెప్పాక కూడా తను నమ్మకంతో మాట్లాడేలా ఉండాలి. సీనియర్ల పక్కన కూర్చుని చూడకుండా ఇది ఎవరికీ రాదు.

చదువు ఎక్కడ అని అడుగుతారు కాబట్టి కొన్ని పేర్లు. నిమ్హాన్స్‌లో పిల్లలు, కౌమారుల సైకియాట్రీకి విడిగా ఒక విభాగమే ఉంది. రాంచీలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో కూడా పిల్లలకు ప్రత్యేక యూనిట్ ఉంది. మన సికింద్రాబాద్‌లోని నీపిడ్, మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ. డిగ్రీ సెలవుల్లో అలాంటిచోటికి వెళ్లి చూసి రావడం మీ అమ్మాయికి ఎంతో ఉపయోగం. ఈ పెద్ద సంస్థల్లో ప్రవేశ పరీక్ష గట్టి పోటీ. మొదటిసారి సీటు రాకపోతే కంగారుపడకండి, ఏడాది ఆగి మళ్లీ రాసేవాళ్లు చాలామంది. ప్రైవేటులో అయితే ఫీజు లక్షల్లో ఉంటుంది. ఫీజు కన్నా ముందు అడగాల్సింది ఒకటే: అక్కడి ఓపీకి రోజూ పిల్లలు వస్తారా, ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది ట్రైనీలు ఉంటారు? ఓపీ లేని సంస్థలో క్లినికల్ శిక్షణ కాగితం మీదే జరుగుతుంది.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. అవసరం చాలా ఉంది. 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. కానీ అవసరానికి తగినన్ని పోస్టులు లేవు. బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పిల్లల్లో లోపాల్ని తొందరగా గుర్తించి సాయం చేయడానికి జిల్లాల్లో నడిచే డైక్ కేంద్రాల్లో సైకాలజిస్ట్ పోస్టులు ఉంటాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోనూ, 14416 నంబరుతో నడిచే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లోనూ అవకాశాలు ఉన్నాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, మొదట్లో జీతం డాక్టర్ల జీతంతో పోల్చదగ్గది కాదు. కార్పొరేట్ ఆస్పత్రులు, చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్లు, స్కూళ్లు మెరుగ్గా ఇస్తాయి, ఊరిని బట్టి తేడా ఉంటుంది. ముప్ఫై ఏళ్లు దాటాక గానీ నిలదొక్కుకోలేమన్న లెక్కతో దిగడం మంచిది. పెళ్లి గురించి బంధువులు ఈ లెక్కే తీస్తారు. అది మీరూ, తనూ ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఏడేళ్ల చదువు మధ్యలో ఒత్తిడి తెస్తే ఎటూ కాకుండా పోతుంది.

ఇక మీ ఆఖరి ప్రశ్న, నాకు అన్నింటికన్నా నచ్చిన ప్రశ్న. ఏడ్చేస్తుంది కాబట్టి పనికిరాదా అని. ఏడుపు రావడం అడ్డంకి కాదమ్మా. ఎదుటివాళ్ల బాధ తగలని మనిషి పిల్లల దగ్గర ఎక్కువ కాలం నిలవలేడు. చూడాల్సింది ఏడ్చిన తర్వాత తను ఏం చేస్తుందన్నది. తనకు తెలిసిన పిల్ల ఏడిస్తే పక్కన కూర్చుని ఆ పిల్ల చెప్పేది వింటుందా, లేక ఆ బాధ తనదైపోయి ఆ పిల్లే తనని ఓదార్చాల్సి వస్తుందా? రెండోది అయినా దారి మూసుకుపోలేదు. శిక్షణలో ప్రతి వారం సూపర్‌వైజర్‌తో కేసుల గురించే కాకుండా ‘ఆ కేసు నన్ను ఏం చేసింది’ అని కూడా మాట్లాడతారు. అవసరమైతే ట్రైనీలు తామే థెరపీకి వెళ్తారు, అందులో సిగ్గుపడేది లేదు. ఓపిక లేకపోవడం మాత్రం నిజంగా ఇబ్బందే. ఒక పిల్లాడు మూడు సెషన్లు ఒక్క మాట మాట్లాడకుండా బొమ్మ కార్లు తోసుకుంటూ కూర్చుంటాడు. ఆ మూడు గంటలు విసుక్కోకుండా, మాట్లాడించాలని తొందరపడకుండా నేల మీద వాడి పక్కనే కూర్చోగలగాలి.

దీన్ని ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఇంటర్ పరీక్షలయ్యాక రెండు నెలలు ఖాళీ దొరుకుతుంది. మీ ఊళ్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల స్కూల్ ఏదైనా ఉంటే, అక్కడ రోజుకు కొన్ని గంటలు సాయం చేస్తానని తనని అడగమనండి. భోజనం పెట్టడం, చేతులు కడగడం, ఆటలు ఆడించడం లాంటి పనే ఇస్తారు, ఇవ్వనివ్వండి. మొదటి వారం ఎవరికైనా ఉత్సాహంగానే ఉంటుంది. ఆరో వారంలో కూడా పొద్దున్నే తనంతట తాను లేచి వెళ్తోందా చూడండి. వెళ్తుంటే డిగ్రీలో సైకాలజీకి అప్లై చేయించండి. అప్పటిదాకా నీట్ పరీక్ష కూడా రాయనివ్వండి, రాసినంత మాత్రాన ఏ తలుపూ మూసుకుపోదు.