బయటి కంపెనీకి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ పనిలో మనుషులకూ పర్యావరణానికీ న్యాయం జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

సర్టిఫికెట్లు తర్వాత చూద్దురుగాని, ముందు టికెట్లు, అంటే ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో నమోదయ్యే రికార్డులు, తెరవండి.

నేను ఆరేళ్లు వెండర్ (పని తీసుకునే బయటి కంపెనీ) వైపు టీమ్ లీడ్‌గా చేసి, తర్వాత క్లయింట్ వైపు వెండర్లను ఎంపిక చేసే పనిలోకి వచ్చాను. పని పరిస్థితుల గురించి వెండర్లకు మీరు పంపబోయేలాంటి ప్రశ్నావళులు ఒకప్పుడు నేనే నింపాను. 'ఓవర్‌టైమ్ ఉందా?' అంటే 'లేదు' అని రాశాను. టైమ్‌షీట్ రోజుకు 8 గంటలు దాటి తీసుకోదు కాబట్టి కాగితం మీద అది నిజమే. అదే నెలలో మా టెస్టింగ్ వాళ్లు రాత్రి రెండింటికి బగ్‌లు మూస్తున్నారు. ఆ 'లేదు' రాసినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఇప్పుడు గత మూడు రిలీజ్‌ల టికెట్ హిస్టరీ అడుగుతాను, పేర్లు తీసేసి. షిఫ్ట్ వేళలతో పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. టీమ్‌లో సబ్‌కాంట్రాక్ట్ మీద ఎంతమంది ఉన్నారో కూడా అడగండి. సెలవులు, ఇన్సూరెన్స్ ముందుగా అందకుండా పోయేది వాళ్లకే.

ఒక ప్రాజెక్ట్‌లో అలా చూస్తే, అర్ధరాత్రి పనంతా మేం మార్పులు కోరిన తేదీల వెంటే ఉంది. శుక్రవారం సాయంత్రం మార్పు పంపి, సోమవారానికి కావాలన్నది మేమే. వెండర్‌ను అంచనా వేయడమంటే సగం మన కాంట్రాక్ట్‌ను మనం చదువుకోవడమే. ఫిక్స్‌డ్ ప్రైస్ మీద గడువు కదలకుండా పని మాత్రం పెంచుతూ పోతే, ఆ భారం చివరికి ఎవరో ఒకరి నిద్ర మీద పడుతుంది.

సర్టిఫికెట్లు వద్దనను. ఉద్యోగుల పని పరిస్థితులకు సంబంధించిన ఎస్ఏ 8000 ప్రమాణం ప్రకారం వారానికి 48 గంటల పని, ఆపైన 12 గంటలకు మించని ఓవర్‌టైమ్, అదీ ఇష్టమైతేనే. సంస్థల సామాజిక బాధ్యత గురించిన ఐఎస్ఓ 26000 మాత్రం మార్గదర్శకమే, దానికి సర్టిఫికేషన్ లేదు. ఎవరైనా ఆ సర్టిఫికెట్ చూపిస్తే జాగ్రత్తపడండి.

పర్యావరణం విషయంలో 'గ్రీన్ పాలసీ' పత్రం నాకు పెద్దగా ఉపయోగపడలేదు. టెస్ట్ సర్వర్లు రాత్రి, వారాంతం ఆపుతున్నారా అని అడగండి. చాలాసార్లు అవి మన క్లౌడ్ ఖాతాలోనే ఉంటాయి, బిల్లులోనే కనబడుతుంది. ఒక్కో మనిషికి వెండర్ ల్యాప్‌టాప్ ఒకటి, మనం పంపింది ఇంకొకటి ఉన్నాయేమో కూడా చూడండి. కొలత కావాలంటే, సాఫ్ట్‌వేర్ వల్ల వెలువడే కార్బన్‌ను లెక్కగట్టే ఐఎస్ఓ/ఐఈసీ 21031:2024 ప్రమాణం ఉంది. వాడిన కరెంటుతో పాటు పరికరాల తయారీలో వెలువడిన కార్బన్‌నూ అది లెక్కలోకి తీసుకుంటుంది.

మా కొత్త కాంట్రాక్ట్‌లలో, మార్పు అడిగితే గడువు కూడా జరగాలన్న షరతు పెట్టించాను.