తూము దగ్గర నలభై రోజులు

చిరంజీవి చిన్నబ్బాయికి పెదనాన్న దీవెనలు.

ఈసారి లెంటులో, అదే ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో, ఏం మానెయ్యాలని అడిగావు. ఇంటిల్లిపాదీ నీచు మానేద్దామని మీ ఆవిడ అప్పుడే తీర్మానించేసిందట. మానండి, మంచిదే. కానీ మన కోనసీమలో అదేమంత కష్టంరా? పనసపొట్టు దిగే రోజులాయె. ఆవ పెట్టి వండితే కోడికూర ఎవడికి గుర్తొస్తుంది? నలభై రోజులు నాలుక్కి రుచి మార్చి, ఈస్టరు నాడు ఇంకో రెండు కేజీలు ఎక్కువ తెచ్చుకుంటే దాన్ని నేను ఉపవాసమనను.

ఈ ఏడాది, 2026లో, లెంటు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టరు ఏప్రిల్ 5. మధ్యలో ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఆ క్యాలెండరు పట్టుకుని చేలోకెళ్లు. దాళ్వా, అదే మన రెండో పంట వరి, పొట్టకొచ్చి, ఈని, పాలు పోసుకునే రోజులివే. ధవళేశ్వరం దగ్గర గోదారి సన్నబడితే కాలువలకి వంతులు పెట్టేదీ ఇప్పుడే. మన శివారు చేలకి నీరందేసరికి ఏ అర్ధరాత్రో అవుతుంది. సాయంత్రం కూటంలో సిలువ ధ్యానాలు విని కళ్లు తుడుచుకున్నవాడే, రాత్రి పారతో బోదె మీద నిలబడి బూతులు అందుకుంటాడు. నీ లెంటు అక్కడుంది. ఉపవాసముండి తగువులాడుకునేవాళ్లని యెషయా 58వ అధ్యాయం ఎలా నిలదీస్తుందో ఈ రాత్రే చదువు.

నీకూ మీ చిన్నాన్న కొడుక్కీ పోయిన దాళ్వా నుంచి మాటల్లేవు. తప్పెవరిదో నాకు తెలుసు, ఇక్కడ రాయను. మొదటి వారంలోనే వెళ్లు. శుభ శుక్రవారం దాకా ఆగకు, ఆరోజు అందరి మనసూ మెత్తబడుతుంది, సోమవారానికి మళ్లీ మామూలే. పగలు వెళ్లు, ఇంటికి వెళ్లు, ఆడవాళ్లు కూడా ఉన్నప్పుడు వెళ్లు. గట్టు మీద మాత్రం మాట్లాడకు, చేతిలో పార ఉండగా రాజీ కుదరదు. "నువ్వో మెట్టు దిగు, నేనో మెట్టు దిగుతా" అని బేరం పెట్టకు. నీవల్ల జరిగింది చెప్పి ఊరుకో. వాడు మొహం తిప్పుకుంటే వచ్చేసెయ్, వచ్చే వారం మళ్లీ వెళ్లు. నీ వంతు రోజున మడి తడవగానే, ఇంకా గంట టైము మిగిలున్నా సరే, తూము మార్చి వాడికి ఫోను చెయ్యి. నువ్వు పెట్టే క్షమాపణ కంటే వాడు ఆ ఫోనే నమ్ముతాడు.

ప్రార్థనకి గంటలు పెట్టుకోకు. పడుకునేముందు, ఆరోజు ఎవరి మీద నోరు పారేసుకున్నావో పేరుపేరునా దేవుడికి చెప్పు. కొన్నాళ్లు చిరాకేస్తుంది. రోజూ అదే పేరు వస్తుంటే పొద్దున్నే ఎక్కడికెళ్లాలో నన్నడగక్కర్లేదు.

నరసాపురం నుంచి మీ తోడల్లుడొస్తే, "ఈ రోజుల లెక్క బైబిల్లో ఎక్కడుంది?" అంటాడు. వాళ్ల బ్రదరన్ సంఘాల్లో లెంటు పాటించరు. వాదనకి దిగకు, కాఫీ ఇయ్యి.

మీ ఆవిడతో చెప్పు, ఎసట్లో పోసేముందు పూటకో పిడికెడు బియ్యం డబ్బాలో వెయ్యమను. నీచు మానినందుకు మిగిలిన డబ్బులూ అందులోనే, ఈస్టరు బట్టలకి కాదు. కోత మిషన్లొచ్చాక కూలి దొరకని ఇళ్లు మన పేటలోనే ఉన్నాయి. ఈస్టరు ముందొచ్చే మట్టల ఆదివారం దాకా దాచి ఒకేసారి పంచకు, వారంవారం ఇచ్చెయ్యి. ఫోటోలు తియ్యకు, గ్రూపులో అసలే పెట్టకు.

మీ పెదనాన్న